మాంట్రియల్ వెళ్తున్నాను, నేర్చుకున్న పారిస్ యాస మార్చుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్‌లో రెండేళ్లు ఫ్రెంచ్ నేర్చుకుని బీ2 (ఆరు మెట్లలో నాలుగోది) పాసయ్యారు. మీ టీచరు పలికింది, మీరు విన్న ఆడియోలు అన్నీ పారిస్ ఉచ్చారణే. మూడు నెలల్లో మాంట్రియల్‌లో ఉద్యోగంలో చేరాలి. అక్కడివాళ్ల వీడియోలు పెట్టి చూస్తే సగం కూడా అందట్లేదు. పైగా "పారిస్ ఫ్రెంచ్‌తో వెళ్తే అక్కడ నవ్వుతారు" అని ఒక స్నేహితుడు భయపెట్టాడు. అందుకని ఇప్పటినుంచే క్యూబెక్ (మాంట్రియల్ ఉన్న కెనడా రాష్ట్రం) యాస సాధన చేయాలా, పరీక్షల్లో యాసను చూస్తారా అని అడుగుతున్నారు.

వద్దండీ. చెవిని మార్చుకోండి, మాటలు మార్చుకోండి, నోటి జోలికి మాత్రం వెళ్లకండి. మీ చేతిలో ఉన్న మూడు నెలలూ వినడానికే పెట్టండి. యాస ఎంత పట్టుబడాలో అంత, అక్కడ రెండు చలికాలాలు గడిచేసరికి దానంతటదే పట్టుబడుతుంది. దీనికి రెండు మూడు మినహాయింపులున్నాయి, అవి తర్వాత చెబుతాను.

నా సంగతి చెప్పకపోతే ఇదంతా గాలికబుర్లా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో నాలుగేళ్లు, మాంట్రియల్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ పని చేశాను, చేస్తున్నాను. శనివారాలు ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు ఫ్రెంచ్ చెబుతుంటాను. భాషాశాస్త్రం చదవలేదు. రెండు ఊళ్లలోనూ నేను తిన్న ఎదురుదెబ్బలు, నా దగ్గర కూర్చున్నవాళ్లు తిన్నవి, వాటినుంచి చెబుతున్నాను.

మాంట్రియల్‌లో చేరిన రెండో వారం, నేను రాసిన కోడ్ చూసి మా టీమ్ లీడ్ "పా పీర్, తొన్ అఫేర్" అన్నాడు. నేను నేర్చుకున్న ఫ్రెంచ్‌లో 'పీర్' అంటే మరింత అధ్వానం. మరీ అధ్వానంగా లేదులే అని పెదవి విరిచాడనుకున్నాను. ఆ సాయంత్రం కూర్చుని మొత్తం తిరగరాశాను. మర్నాడు ఆయన చూసి, "ఎందుకు మార్చావు? నిన్న బాగుందన్నాను కదా" అన్నాడు. క్యూబెక్‌లో పా పీర్ అంటే బానే ఉందని. పలికిన తీరును బట్టి భలే ఉందని కూడా. మన 'పర్లేదు' లాంటిదే. ఒకరి నోట అది సర్దుకుపోవడం, ఇంకొకరి నోట మెచ్చుకోవడం. ఇందులో నా ఉచ్చారణ దోషం ఏమీ లేదు, గమనించండి. నా ఫ్రెంచ్ వాళ్లకు అర్థమైంది. వాళ్లదే నాకు అర్థం కాలేదు. మీకూ అలాగే జరుగుతుంది. క్యూబెక్‌వాళ్లు చిన్నప్పటినుంచి ఫ్రాన్స్ సినిమాలు, టీవీ చూస్తూ పెరుగుతారు కాబట్టి పారిస్ ఉచ్చారణ వాళ్లకు కొట్టినపిండి. ఇబ్బందంతా అటునుంచి ఇటే.

కాబట్టి ముందు చెవి. మీకు ఏం వినిపించబోతుందో కాస్త చెబుతాను.

మొదటిది, 'త', 'ద'ల తర్వాత 'ఇ' గానీ, మూతి సున్నాలా చుట్టి పలికే ఫ్రెంచ్ 'యు' గానీ వస్తే అవి 'త్స', 'ద్జ' అవుతాయి. పెతి 'పెత్సి' అవుతుంది, దిమాఁష్ 'ద్జిమాఁష్' అవుతుంది. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, వార్తలు చదివేవాళ్లు అందరూ ఇలాగే పలుకుతారు. నిజానికి ఇది తెలుగువాళ్లకు కొత్త శబ్దం కాదు. మా అమ్మమ్మ చాప, చలి, చుక్క అన్నప్పుడు వచ్చే 'చ', నాలుక పళ్లకు తగిలి వచ్చేది, అచ్చం ఇదే. చిలక, చెట్టు అన్నప్పుడు వచ్చే 'చ' వేరు. మొదటిదాన్ని దంత్యమనీ రెండోదాన్ని తాలవ్యమనీ వ్యాకరణంలో చెప్పేవారు. జడలో 'జ' క్యూబెక్‌వాళ్ల 'ద్జ'.

అయితే ఇక్కడే ఒక తమాషా ఉంది. మనకు ఆ దంత్య 'చ' అ, ఉ, ఒల ముందు వస్తుంది, ఇ ముందు రాదు. వాళ్లకు సరిగ్గా తిరగేసి: ఇ ముందు వస్తుంది, అ, ఒల ముందు రాదు. దాంతో మనవాళ్లు క్యూబెక్ యాస పెట్టబోయి, అలవాటుకొద్దీ చిలకలో 'చ'ను లాక్కొచ్చి 'పెచి' అంటారు. అది పారిస్‌దీ కాదు, మాంట్రియల్‌దీ కాదు. నా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఒక 'పెచి' ఉంటారు. నోటి జోలికి వెళ్లొద్దని నేననడానికి ఇదొక కారణం. యాసను పై పై నుంచి తెచ్చి అతికిస్తే సగమే అతుకుతుంది, ఆ సగం వల్ల అంతకుముందు స్పష్టంగా ఉన్న మాట కూడా చెడుతుంది.

రెండోది, దీర్ఘాలు విరుగుతాయి. నాన్న అనే మాట, పేర్, మామూలు మాటల్లో 'పాయెర్'లా వినిపిస్తుంది. పండగ, ఫేత్, 'ఫాయిత్' అవుతుంది. మూడోది ముక్కుతో పలికే అచ్చులు. మీకు తెలిసిన 'వాఁ' (గాలి) మాంట్రియల్ నోట మీకు తెలిసిన 'వ్యాఁ' (వైన్) వైపు జరుగుతుంది. మొదటి నెలంతా ఈ ఒక్కదానితోనే తల వాచిపోతుంది. నాలుగోది, మాటలు కుదించుకుపోవడం. 'జ స్వీ' (నేను ఉన్నాను) కాస్తా 'షు' అవుతుంది. 'స ఫె క' కాస్తా 'ఫాక్' అవుతుంది, అందుకని, అంచేత అనే అర్థంలో. ప్రతి రెండో వాక్యం ముందు 'ఫాక్' అంటుంటే మొదట్లో నేను ఉలిక్కిపడేదాన్ని. మనం 'వెళ్తున్నాను' అని రాసి 'ఎల్తన్నా' అనడం లేదూ, అంతే.

అయిదోది నాకు బాగా ఇష్టం. ప్రశ్న వేయడానికి వాక్యంలో ఒక 'త్స్యు' తగిలిస్తారు. "సె-త్స్యు ల్వ్యాఁ?" అంటే దూరమా? ఆ 'త్స్యు' నువ్వు అనే సర్వనామం కాదు. మన 'దూరమా', 'వస్తావా'ల చివర ఉండే 'ఆ' ఎలాంటిదో ఇదీ అలాంటిదే, ప్రశ్న గుర్తు. నువ్వు అని అర్థం చేసుకుంటే వాక్యం గందరగోళమవుతుంది. 'ఆ' అని అనుకుంటే ఇట్టే విడిపోతుంది. ఇంగ్లీషులోంచి ఆలోచించేవాళ్లకంటే తెలుగులోంచి ఆలోచించేవాళ్లకు ఇది తొందరగా ఎక్కుతుంది.

ఇవన్నీ చెడిపోయిన ఫ్రెంచ్ అనుకునేరు. హైదరాబాద్‌లో నాకు చెప్పిన టీచరొకరు అలాగే అనేవారు. ఫ్రాన్స్ నుంచి జనం అక్కడికి వెళ్లి స్థిరపడింది ప్రధానంగా 17వ శతాబ్దంలో. 1763 పారిస్ ఒప్పందంతో ఆ ప్రాంతం బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లింది, ఫ్రాన్స్‌తో రాకపోకలు సన్నగిల్లాయి. ఆ తర్వాత ఫ్రెంచ్ విప్లవంతో పారిస్‌లోనే ఉచ్చారణ మారింది. ఇప్పుడు పల్లెటూరి యాస అని తీసిపారేసే 'మ్వే', 'త్వే' (నేను, నువ్వు అని నొక్కి చెప్పేటప్పుడు) ఒకప్పుడు రాజుగారి కొలువులో పలికిన తీరే. పారిస్ 'మ్వా'కు మారింది, క్యూబెక్ ముసలివాళ్లు పాతదాన్ని పట్టుకుని ఉన్నారు.

ఇక నోటి జోలికి ఎందుకు వెళ్లొద్దంటానంటే, దీనికి తులూజ్ కథ చెప్పాలి.

తులూజ్ ఫ్రాన్స్‌కు నైరుతిన ఉంటుంది. అక్కడి యాసలో రెండు సంగతులు వెంటనే తెలుస్తాయి. పారిస్‌వాళ్లు మింగేసే చివరి 'అ' వీళ్లు పలుకుతారు. పారిస్‌లో 'రోజ్' ఇక్కడ 'రొజ' అవుతుంది. ముక్కుతో పలికే అచ్చు చివర చిన్న 'ంగ్' తగులుతుంది. రొట్టె, పారిస్‌లో 'ప్యాఁ', ఇక్కడ 'పేంగ్'. ఆ ప్రాంతపు పాత భాష ఆక్సితాన్. 1880లలో జూల్ ఫెర్రీ చట్టాలతో బడి చదువు తప్పనిసరైంది, ఆ బడిలో ఫ్రెంచ్ తప్ప ఇంకో మాట ఆడితే పిల్లలకు శిక్షలుండేవి. తాతల భాష మెల్లగా పోయింది. దాని బాణీ మాత్రం మనవళ్ల ఫ్రెంచ్‌లో మిగిలిపోయింది.

తెలుగువాళ్లకు ఈ యాస ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మాట చివర అచ్చు లేకపోతే మనకు నిద్ర పట్టదు కదా. బస్‌ని బస్సు, కార్‌ని కారు చేసుకున్న జాతి. ఆరునెలల్లో నా నోట 'రొజ', 'పేంగ్' వచ్చేశాయి. వచ్చాక ఊరుకున్నానా, లేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురినీ నవ్విద్దామని అక్కడి యాసను మరింత సాగదీసి, ఓ బూతుమాట కూడా కలిపి, ఒక కథ చెప్పాను. అందరూ నవ్వారు, ఒక్కాయన తప్ప. యాభై దాటిన మనిషి, పక్కనే ఉన్న పల్లెలో పుట్టాడు. కాఫీ దగ్గర మెల్లగా చెప్పాడు. కుర్రతనంలో ఉద్యోగం కోసం పారిస్ వెళ్తే ఇంటర్వ్యూలో ఆయన నోరు తెరవగానే ఎదుటివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. "నీ నోట అదే వినిపించింది నాకు" అన్నాడు. నేను వెక్కిరించలేదు, ఇష్టంతోనే పలికాను. కానీ ఆయన చెవికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

ఇది ఆయన ఒక్కడి బాధ కాదు. యాసను బట్టి మనిషిని చిన్నచూపు చూడడానికి ఫ్రెంచ్‌లో 'గ్లొతొఫొబీ' అనే మాటే పుట్టింది. 2018లో జాఁ-లుక్ మెలాంషాఁ అనే పెద్ద రాజకీయ నాయకుడు, తులూజ్ నుంచి వచ్చిన ఒక విలేకరి యాసను ఆమె ఎదుటే అనుకరించి వెక్కిరిస్తే పెద్ద గొడవైంది. 2020లో ప్రధాని అయిన జాఁ కాస్తెక్స్ నైరుతి వాడే. ఆయన విధానాలకంటే ముందు ఆయన యాస గురించే మాట్లాడారు. అదే ఏడాది నవంబరులో అక్కడి దిగువ సభ యాస ఆధారంగా వివక్ష చూపితే నేరంగా పరిగణించే బిల్లును ఆమోదించింది.

మన దగ్గర సంగతి అనుకోండి. గుంటూరు నుంచి వచ్చినవాడు కరీంనగర్‌లో దిగిన మూడో రోజే "గట్లనా బై" అని మొదలుపెడితే ఎలా ఉంటుంది? మనవాడయ్యాడని ఎవరూ అనుకోరు, ఎగతాళి చేస్తున్నాడనుకుంటారు. అదే మనిషి పదేళ్లు అక్కడే ఉండి, పిల్లల్ని అక్కడి బడిలో చదివించి, తెలియకుండానే 'మంచిగ', 'జర' అంటుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వచ్చిన యాసకు, తెచ్చిపెట్టుకున్న యాసకు తేడా వినేవాడికి క్షణంలో తెలుస్తుంది.

క్యూబెక్‌లో దీనికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. అక్కడి తిట్లు చర్చి సామగ్రి పేర్లు. తాబర్నాక్ అంటే ప్రసాదం దాచే పెట్టె, కాలిస్ అంటే పూజలో వాడే పాత్ర. నిఘంటువులో చూస్తే పాపం ఏమీ ఎరగనట్టుంటాయి. నా దగ్గర చదివిన భీమవరం కుర్రాడొకడు కామెడీ వీడియోలు చూసి యాసతోపాటు వీటినీ నేర్చేసుకున్నాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ప్రింటర్ మొరాయిస్తే వాళ్ల మేనేజరు ముందే తాబర్నాక్ అన్నాడు. ఆమె నవ్వేసి ఊరుకుంది, కానీ ఆ తర్వాత ఆర్నెల్లు వాణ్ణి కస్టమర్ల మీటింగుకి పిలవలేదు. స్థానికుల నోట ఆ మాట ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు చెల్లదో వాళ్లకు పుట్టుకతో తెలుసు. మనకు తెలియదు.

మాటలు మాత్రం మొదటి రోజు నుంచే అక్కడివి వాడండి. దీన్ని ఎవరూ ఎగతాళి అనుకోరు, మర్యాద అనుకుంటారు. క్యూబెక్‌లో పొద్దున తినేది దెజునే, మధ్యాహ్నం దీనే, రాత్రి సుపే. పారిస్‌లో దెజునే మధ్యాహ్నం, దీనే రాత్రి. ఈ ఒక్క తేడాతో ఎన్ని భోజనాలు తప్పిపోయాయో లెక్కలేదు. థాంక్స్ చెబితే అక్కడ 'బియెన్వెన్యు' అంటారు, మీకు నేర్పిన 'ద రియాఁ' కాదు. వీధి చివరి చిల్లర కొట్టు 'దెపానర్'. ఆఫీసులో మొదటి రోజే 'త్యు' అంటారు. మనం 'మీరు'ను వదలలేక 'వు' అని పట్టుకు వేలాడితే మనిషి దూరం పెడుతున్నాడనుకుంటారు. వాళ్లు నువ్వు అన్నాక మీరూ నువ్వు అనేయండి, కొంచెం గొంతుకు అడ్డం పడుతుంది, పర్వాలేదు.

మాటల విషయంలో తులూజ్‌లోనే నాకు బుద్ధి వచ్చింది. ఇంటి ఓనరమ్మ, డెబ్బై ఏళ్లుంటాయి, ఒక ఆదివారం తలుపు తట్టి "రొట్టె పోష్‌లో పెట్టాను" అని చెప్పి వెళ్లిపోయింది. పోష్ అంటే నాకు తెలిసింది జేబు. కోటు జేబులు తడుముకున్నాను, నవ్వుకున్నాను, వాటిలో రొట్టె ఎందుకుంటుందని. సాయంత్రం చూస్తే తలుపు గడియకు ఒక సంచి వేలాడుతోంది, అందులో గట్టిపడిపోయిన రొట్టె. నైరుతిలో పోష్ అంటే సంచి.

ఇప్పుడు మినహాయింపులు.

ఆస్పత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లకు నా సలహా కొంచెం మారుతుంది. నా దగ్గర చదివిన ఒక నర్సమ్మ మాంట్రియల్‌లో వృద్ధుల వార్డులో చేరింది. ఎనభై ఏళ్ల పెద్దావిడ "జె ద్లా మిజేర్ ఆ రెస్పిరే" అంది. మిజేర్ అంటే పేదరికం అని మనం చదువుకున్నది. ఆవిడేదో డబ్బు కష్టాలు చెప్పుకుంటోందని ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఓదార్చబోయింది. క్యూబెక్‌లో ఆ మాటకు అర్థం, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందని. పక్కనున్న సహాయకురాలు పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టుకుంది. జాకెత్ అంటే రోగికి వేసే గౌను, దెబార్బుయెత్ అంటే ముఖం తుడిచే చిన్న గుడ్డ, ఇసిత్ అంటే ఇక్కడ. వినికిడి తగ్గిన ముసలివాళ్లకు అలవాటైన తీరులో పలికితేనే మాట చేరుతుంది కాబట్టి, కొన్ని వాక్యాలను అక్కడి బాణీలోనే పలకడం కూడా నేర్చుకుంది. అది పని కోసం. అలాంటి పని అయితే మీరూ చేయండి.

రెండో మినహాయింపు, ఇంకా ఓనమాల దగ్గరే ఉండి నేరుగా క్యూబెక్ వెళ్లేవాళ్లు. వాళ్లు పారిస్ దారిలో చుట్టూ తిరిగి రావడం దండగ. మొదటి రోజు నుంచే అక్కడి టీచరు దగ్గర నేర్చుకుంటే సరి. అక్కడా ఒక మర్యాదస్తుల ఉచ్చారణ ఉంది, రేడియో-కెనడా వార్తలు వినండి, తెలుస్తుంది. అందులో 'పాయెర్' ఉండదు, 'త్స', 'ద్జ' ఉంటాయి. ఇక పిల్లల సంగతి మీరు పట్టించుకోనక్కర్లేదు. 1977 నాటి 101వ చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ల పిల్లలు సాధారణంగా ఫ్రెంచ్ బడికే వెళ్లాలి. ఏడాది తిరక్కుండానే మీ ఉచ్చారణను వాళ్లే దిద్దుతారు.

ఇంకో మాట, కెనడా ఫ్రెంచ్ యాస అని మనం ఒకటిగా అంటున్నాం గానీ అది ఒకటి కాదు. పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్‌లోని అకాడియన్ల (అక్కడి ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల) దగ్గర నేను పైన చెప్పిన 'త్స' దాదాపు వినపడదు. ఏ యాస నేర్చుకుని దిగుతారు మీరు?

యాసకు పెట్టే శ్రమలో సగం వీటికి పెట్టండి: అర్థం మార్చేసే శబ్దాలు. తెలుగువాళ్ల నోట నేను రోజూ వినే తప్పు 'యు'కూ 'ఊ'కూ తేడా లేకపోవడం. దస్యు అంటే పైన, దసూ అంటే కింద. రెండూ ఒకేలా పలికితే ఏ ఊళ్లోనైనా ఇబ్బందే. గిడ్డంగిలో పనిచేసే మా స్టూడెంట్ ఒకాయన పెట్టెలు పైన పెట్టమంటే కింద, కింద పెట్టమంటే పైన పెట్టి ఒక పూటంతా తిట్లు తిన్నాడు. పెదాలను ఈల వేసేటప్పటిలా చుట్టి, లోపల నాలుకతో 'ఈ' అనండి, అదే 'యు'. అద్దం ముందు రోజూ అయిదు నిమిషాలు. ముక్కు అచ్చులు మూడూ, వాఁ, వ్యాఁ, వోఁ, విడివిడిగా వినిపించాలి. ఇవి పారిస్‌లోనూ కావాలి, తులూజ్‌లోనూ కావాలి, మాంట్రియల్‌లోనూ కావాలి.

'ర' గురించి మాత్రం బెంగ వద్దు. గొంతులోంచి గరగరలాడించలేకపోతున్నానని ఏడ్చినవాళ్లను చూశాను. నాకు మొదటి పాఠాలు చెప్పిన పెద్దాయనది యానాం. అది 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ల పాలనలోనే ఉంది కదా, ఆయన చిన్నప్పుడు బడిలో ఫ్రెంచ్‌లోనే చదువుకున్నారు. ఆయన 'ర' మన గోదావరి 'ర'యే, నాలుక కొసన మోగేది. ఆ 'ర'తోనే ఆయన ఫ్రెంచ్ పత్రికలు పైకి చదివి వినిపిస్తే ఒక్క మాట తడబడేది కాదు. మాంట్రియల్‌లో కూడా పాతతరంవాళ్లు చాలామంది అలాగే పలికేవారు. పశ్చిమ ఆఫ్రికానుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇప్పటికీ అలాగే పలుకుతారు.

పరీక్షల సంగతి కూడా అడిగారు. టెఫ్ అయినా టీసీఎఫ్ అయినా (రెండూ ఫ్రెంచ్ ఎంత వచ్చో చూసే పరీక్షలు), మాట్లాడే పరీక్షలో మీరు ఏ ఊరి యాసలో మాట్లాడారని మార్కులు వేయరు, మాట తేటగా అర్థమైందా అని చూస్తారు. ఏ1, బీ2 అంటూ స్థాయిలు నిర్ణయించిన యూరప్ కౌన్సిల్ కూడా 2018లో ఉచ్చారణ కొలబద్దను తిరగరాసి, పుట్టుకతో మాట్లాడేవాళ్లలా పలకాలనే ఆదర్శాన్ని పక్కనపెట్టింది. కాబట్టి పరీక్ష అయ్యేదాకా కొత్త యాస ప్రయోగాలు చేయకండి.

ఇదే ప్రశ్న స్విట్జర్లాండ్, బెల్జియం వెళ్లేవాళ్లు కూడా అడుగుతుంటారు. అక్కడ యాస అంత ఇబ్బంది పెట్టదు, అంకెలు నేర్చుకుంటే చాలు. డెబ్బై 'సెప్తాంత్', తొంభై 'నొనాంత్'. ఎనభై లోజాన్‌లో 'ఉయిత్తాంత్', జెనీవాలో, బెల్జియంలో మామూలుగా పారిస్‌లోలాగే 'నాలుగు ఇరవైలు' అనే మాటే.

మాంట్రియల్‌లో మీకు నిజంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దాన్ని చూసి చాలామంది యాసే కారణమనుకుంటారు. మీరు ఫ్రెంచ్‌లో మొదలుపెడతారు, కొట్టువాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. మనసు చివుక్కుమంటుంది. ఇది యాస వల్ల కాదు, తడబాటు వల్ల. మీరు ఒక్క క్షణం ఆగారంటే, సాయం చేద్దామనే వాళ్లు భాష మారుస్తారు. నా స్టూడెంట్లకు ఒక వాక్యం కంఠతా పట్టిస్తాను, "ఫ్రెంచ్‌లోనే మాట్లాడతానండీ, నేర్చుకుంటున్నాను" అని. అది తడబడకుండా ఒక్క ఊపిరిలో వస్తే చాలు, పదిమందిలో తొమ్మిదిమంది ఆనందంగా ఫ్రెంచ్‌కి తిరిగొస్తారు, మాట కూడా నెమ్మదిస్తారు.

మూడు నెలల్లో ఏం చేయాలంటే: మొదటి నెల రేడియో-కెనడా వార్తలు, రోజూ అరగంట. ఇవి మీరనుకున్నంత కష్టంగా ఉండవు, ధైర్యం వస్తుంది. రెండో నెల మామూలు జనం మాట్లాడే కార్యక్రమాలు, ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్‌తో. రెండు నిమిషాల ముక్క తీసుకుని, సబ్‌టైటిల్ మూసేసి విన్నది విన్నట్టు రాయండి, తర్వాత పోల్చి చూడండి. తప్పులన్నీ 'షు', 'ఫాక్', 'త్స్యు'ల దగ్గరే ఉంటాయి, వారం తిరిగేసరికి వాటి ముఖాలు గుర్తుపడతారు. మూడో నెల సబ్‌టైటిల్స్ లేకుండా, వీలైతే ముఖం కూడా చూడకుండా, రేడియోలో. ఎందుకంటే అక్కడ దిగాక మొదటి వారమే బ్యాంకు, ఫోన్ కంపెనీ, ఇంటి ఓనరు అందరూ ఫోన్లోనే మాట్లాడతారు.

ఇక మీ స్నేహితుడు అన్నట్టు నవ్వుతారా అంటే, తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ యాసకు నవ్వలేదు. నవ్వింది ఒక్కసారే, వేరే దానికి. ఫ్రాన్స్‌లో వీకెండ్, పార్కింగ్, షాపింగ్ అని ఇంగ్లీషు మాటలు ధారాళంగా వాడతారు, వాటినే నేనూ వెంట తెచ్చుకున్నాను. క్యూబెక్‌వాళ్లు ఈ విషయంలో పట్టుదలగల మనుషులు. ఫ్రాన్స్ రోడ్ల మీద 'స్టాప్' అని ఉండే బోర్డు క్యూబెక్‌లో మామూలుగా 'ఆరే' అని ఉంటుంది. మొదటి చలికాలంలో ఒక శుక్రవారం, పక్కింటి పెద్దాయన గుమ్మం ముందు మంచు తోస్తుంటే నేను "బాన్ వీకెండ్" అన్నాను. ఆయన పార ఆపి, నవ్వుతూ, "ఫ్యాఁ ద సమెన్, మదామ్" అన్నాడు. అప్పటినుంచి అదే అంటున్నాను, కాకపోతే నా నోట అది తులూజ్ దారిలో 'ఫేంగ్ ద సమేన' అని వస్తుంది. ఆయన దాన్ని ఇంతవరకు దిద్దలేదు.